టీచరమ్మ బేరం

చీకటి పడేలోగా కావలసిన పనులు చాలా ఉన్నాయి. శిక్షణ కేంద్రంలో ఫొటో ఇచ్చి మెడలో వేసుకునే కార్డు తీసుకోవాలి. క్షేమంగా ఉన్నామని ఇంటికి ఫోను చేయాలి; చేయకపోతే ఆయన ఊరంతా ఏకం చేస్తాడు. గదిలో ఫ్యాను తిరగడం కన్నా మూలగడం ఎక్కువగా ఉందని వాచ్‌మన్‌కి ఇంకోసారి చెప్పాలి. చెమటకాయల పౌడరు కొనాలి. మర్నాడు అందరి ముందూ చెప్పవలసిన పాఠం ఒకసారి చూసుకోవాలి. అన్నిటికన్నా ముందు అత్తగారికి పల్చటి బట్టలు కొనాలి.

లెక్కల టీచరమ్మ ఈ పనులన్నిటినీ మనసులో వరసగా పేర్చుకుని, చివరిదాన్ని మొదట పట్టుకుంది. పట్టుకోక తప్పలేదు. అత్తగారు మంచం మీద కూర్చుని, తడిపిన తువ్వాలు మెడ చుట్టూ వేసుకుని, విసనకర్ర బదులు శిక్షణవాళ్ళు ఇచ్చిన అట్ట ఫైలుతో విసురుకుంటోంది.

"నన్నెందుకు తీసుకొచ్చావే తల్లీ, ఆవిరి మీద ఉడకబెట్టడానికా?"

"సముద్రం చూస్తానని మీరే కదా అత్తయ్యా బయల్దేరింది."

"చూస్తానన్నాను. అందులో ఉడుకుతానన్నానా?"

వాళ్ళది కొండమీది ఊరు. నడివేసవిలో కూడా తెల్లవారుజామున దుప్పటి లాక్కోవలసిందే. అక్కడి బట్టలన్నీ ఆ చలికి తగ్గట్టు మందంగా, మోచేతుల కిందికి చేతులతో ఉంటాయి. ఈ నగరంలో దిగి రెండు రోజులు కాకముందే అత్తగారి మెడ కింద, నడుము చుట్టూ, మోచేతుల మడతల్లో ఎర్రగా పేలింది. గోకితే మంట, గోకకపోతే దురద. రాత్రంతా గోడకి వీపు ఆనించి కూర్చుంది పాపం. ఆ గోడ కూడా వెచ్చగానే ఉంది.

"పదండి, బజారుకి వెళ్దాం."

"నువ్వు కొంటావా, నేను కొననా?"

"నేనే కొంటాను."

"అయితే చెప్పిన రేటుకి కొంటావు. కొట్టువాడు నిన్ను సందు చివర చూసే రేటు పెంచేస్తాడు. నీ మొహమే అలా ఉంటుంది."

ఇది కొత్త మాట కాదు. కూరగాయల దగ్గర, గాజుల దగ్గర, ఆఖరికి చెప్పులు కుట్టేవాడి దగ్గర కూడా టీచరమ్మ అడిగినంతా ఇచ్చేస్తుంది. వాళ్ళ పుట్టింట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి తనే. బేరం చేయడమంటే తనకెందుకో చదువు తక్కువవాళ్ళ పనిలా అనిపించేది. కోడలికి నోట్లో నాలుక లేదని అత్తగారు బంధువులందరి దగ్గరా చెప్పుకుని నవ్వేది. ఆ నవ్వులో ప్రేమ ఉందని టీచరమ్మకి తెలుసు. అయినా ముల్లు ముల్లే.

దారిలోనే శిక్షణ కేంద్రం దగ్గర ఆగి, టీచరమ్మ ఫొటో ఇచ్చి కార్డు మెడలో వేసుకుంది. బజారు వీధి పొడుగునా బట్టల కొట్లే. వాటిలో కాస్త చల్లగా కనిపించిన దానిలోకి దూరారు. పైకప్పుకి ఫ్యాన్లు, కింద గచ్చు, గోడల నిండా అరలు, అరల నిండా మడతలు. లోపల పనిచేసే ఆడవాళ్ళందరూ ముదురు ఎరుపు కోట్లు వేసుకున్నారు. గాలి ఆడని నైలాను గుడ్డ, మెడ దాకా బొత్తాలు. చల్లటి బట్టలు అమ్మే చోట అమ్మేవాళ్ళు అవి వేసుకుని ఎలా నిలబడుతున్నారో అనుకుంది టీచరమ్మ. అనుకుని మర్చిపోయింది.

వాళ్ళ దగ్గరికి వచ్చినావిడ బాగా పొడగరి. పై అరలోవి కూడా ముక్కాలిపీట లేకుండా చెయ్యి చాచి తీస్తోంది. మిగతావాళ్ళు మాటిమాటికీ "నిచ్చెనక్కా, అదోటి అందుకో" అని కేక వేస్తున్నారు. ఆమె ఒక చేత్తో వాళ్ళకి అందిస్తూనే, రెండో చేత్తో అత్తగారి ముందు గౌను పరిచింది.

"ఎవరికమ్మా, మీకా, పెద్దమ్మగారికా?"

"నాకే. లోపల నిప్పులు పోసినట్టుంది," అంది అత్తగారు మెడ మీద తువ్వాలు తీసి చూపిస్తూ.

నిచ్చెనక్క వంగి చూసింది. అప్పటిదాకా పరిచిన గౌన్లన్నీ పక్కకి నెట్టేసి వేరే అరలో వెతికి, రెండు తెచ్చింది. వాటిని ముందు తిరగేసింది. కుట్లమీద బొటనవేలు పెట్టి చంక దగ్గర నుంచి నడుము దాకా నెమ్మదిగా రాసి చూసింది. ఒకదాన్ని వద్దని తీసేసి, లేత ఆకుపచ్చది ఉంచింది.

"ఇది వేసి చూడండి పెద్దమ్మగారూ. మెడ దగ్గర పట్టీ లేదు. ఒరుసుకోదు."

"గౌనా? ఈ వయసులో నన్ను గౌనులో చూస్తే మా ఆయన పైనుంచి దిగొస్తాడు."

"రానీండమ్మా. వస్తే ఆయనకీ ఒక పల్చటి చొక్కా ఇద్దాం. అక్కడా ఉక్కగానే ఉంటుందేమో."

అత్తగారు ఫక్కున నవ్వింది. ఈ నగరంలో దిగాక ఆమె నవ్వడం అదే మొదలు. గౌను పట్టుకుని తెర వెనక్కి వెళ్ళింది. లోపలి నుంచి "చేతులు ఎటు పెట్టాలే", "తల దూరదేమే" అని గొణుగుడు వినిపిస్తోంది.

ఈలోగా టీచరమ్మ కళ్ళు ఒక నీలం గౌను మీద పడ్డాయి. తనకీ పల్చటిది ఒక్కటి లేదు. బ్లౌజు వీపుకి అతుక్కుపోయి, క్లాసులో బోర్డు వైపు తిరగాలంటే సిగ్గుగా ఉంది. నీలం గుడ్డని వేళ్ళ మధ్య నలిపి చూసింది. పొర పొరగా, గాలి ఊదితే కదిలేలా ఉంది.

నిచ్చెనక్క కౌంటరు వైపు ఒకసారి చూసి, మడత సర్దుతున్నట్టు దగ్గరికి వంగింది.

"అది వద్దమ్మా," అంది గొంతు తగ్గించి. "రంగు దిగుతుంది. మా పాపకి అదే గుడ్డలోది కొన్నాను. బకెట్లో ఉన్నవన్నీ నీలం అయిపోయాయి. చెమట పట్టినా ఒంటికి అంటుకుంటుంది. మీ పెద్దావిడ ఒంటికి అసలే బాలేదు, ఒకే చోట ఉతుకుతారు కదా. మీ చెవిన వేశాను, అంతే."

చెప్పేసి, ఏమీ చెప్పనట్టు నీలం గౌను రొమ్ముకి ఆనించుకుని మడత పెట్టింది. గడ్డం కింద మెడ భాగం నొక్కిపట్టి, రెండు చేతులూ లోపలికి మడిచి, అడుగు భాగం పైకి తెచ్చి, అరచేత్తో గాలి తీసేసింది. అంతా ఒక్క ఊపులో జరిగిపోయింది. తర్వాత తెల్లటి నూలు గౌనొకటి తెచ్చి టీచరమ్మ చేతిలో పెట్టింది. "మీకిది తీసుకోండి. చూడ్డానికి ఏమీ ఉండదు. వేసుకుంటే తెలుస్తుంది."

అత్తగారు తెర తీసుకుని బయటికి వచ్చింది. లేత ఆకుపచ్చ గౌను ఆమె పాదాల దాకా వదులుగా జారింది. చేతులు రెండూ పక్కకి చాపి, ఫ్యాను కింద నిలబడి కళ్ళు మూసుకుంది.

"ఇంక నేను ఇది విప్పను. ఇలాగే వస్తాను. ఎవరేమనుకుంటే నాకేం."

పాత బట్టలు సంచిలో కుక్కి, ఆమె గుమ్మం దగ్గర బల్ల మీద చతికిలబడింది. టీచరమ్మ ఒక్కతే కౌంటరు దగ్గరికి వెళ్ళింది. అత్తగారు అక్కడి నుంచే రెండు వేళ్ళు కలిపి, తగ్గించమన్నట్టు సైగ చేసింది. ఏం తగ్గిస్తావులే అన్నట్టు మళ్ళీ తనే మొహం తిప్పుకుంది.

కౌంటరు వెనక యజమాని మెత్తటి మనిషి. తెల్ల చొక్కా, నుదుటన చెమట లేదు. రేటు చెప్పాడు. టీచరమ్మ గొంతు సవరించుకుంది.

"కొంచెం తగ్గించండి."

"ఒకటే రేటమ్మా. బోర్డు చూడండి."

మామూలుగా అయితే ఆమె అక్కడే ఆగిపోయి సంచి తెరిచేది. కాని అత్తగారు తిప్పుకున్న మొహం వీపు వెనకే ఉంది. ఏదో ఒకటి అనాలి. గుడ్డ బాగాలేదని అందామంటే అది అబద్ధమని తన మొహమే చెబుతుంది. వెతుక్కుంటే చేతికి ఒక్కటే దొరికింది.

"మీ గుడ్డకి రంగు కూడా నిలవదట కదండీ. ఆ మాత్రం దానికి ఒకటే రేటు ఏమిటి?"

యజమాని తల ఎత్తాడు. "ఎవరన్నారమ్మా?"

"మీ వాళ్ళే అన్నారు. అదిగో, ఆ పొడగాటావిడ. తన పాపకి కొంటే బకెట్టంతా నీలం అయిందట."

చూపుడువేలు కూడా చాపింది. క్లాసులో వెనక బెంచీ పిల్లలని చూపించే వేలు.

యజమాని ఆ వేలు వెంట ఒకసారి చూశాడు. తర్వాత ఆమె మెడలోని కార్డు చూశాడు. నవ్వాడు. "టీచరుగారు మీరు. మీ మాట కాదంటామా," అని తగ్గించాడు. ఆమె అనుకున్న దానికన్నా ఎక్కువే తగ్గించాడు.

వీధిలోకి రాగానే టీచరమ్మ సంగతి చెప్పింది. తగ్గించాడని చెప్పింది. ఎలా తగ్గించాడో మాత్రం ఎందుకో నోటి దాకా వచ్చి ఆగిపోయింది.

"నువ్వా? నువ్వే?" అత్తగారు నడిరోడ్డు మీద ఆగిపోయి ఆమె గడ్డం పట్టుకుంది. "ఇన్నాళ్ళూ ఈ విద్య ఎక్కడ దాచావే?"

గదికి వెళ్ళగానే కొడుక్కి ఫోను చేసింది. "నీ పెళ్ళాం ఇవాళ బేరం చేసిందిరా. నిజం. నా మీద ఒట్టు. ఒకటే రేటని బోర్డు పెట్టుకున్నవాడి చేత తగ్గించింది." ఆ తర్వాత ఆడపడుచుకి. ఆ తర్వాత పక్కింటావిడకి. ప్రతి ఫోనుకీ యజమాని ఇంకాస్త గట్టివాడయ్యాడు, కోడలు ఇంకాస్త గడుసుదైంది. టీచరమ్మ పాఠం చూసుకుంటున్నట్టు తల వంచుకుని, చెవులు మాత్రం ఇటే పెట్టింది. పెళ్ళయి ఇన్నేళ్ళలో తనని ఇంత పొగడడం వినలేదు. ఒళ్ళు పులకరించింది.

మర్నాడు అత్తగారి ఒంటిమీద ఎరుపు కాస్త తగ్గింది. టీచరమ్మ తెల్ల గౌను మీద పల్చటి చున్నీ వేసుకుని పాఠం చెప్పింది. వీపు పొడిగా ఉంది. మధ్యాహ్నం భోజనాల దగ్గర, అప్పుడే స్నేహమైన సైన్సు టీచరుకి తన బేరం కథ చెప్పింది. ఈసారి మొత్తం చెప్పింది. బకెట్టు సంగతి, వేలు చాపిన సంగతి, యజమాని నవ్విన సంగతి.

సైన్సు టీచరు నవ్వలేదు. నీళ్ళ సీసా మూత బిగిస్తూ ఉండిపోయింది. బిగిసిపోయాక కూడా తిప్పుతూనే ఉంది.

"ఏమైంది?"

"ఏం లేదు. మా అక్క కూడా బట్టల కొట్లోనే చేసేది." మూత తిప్పడం ఆపి, "ఆవిడ మీకు మెల్లిగా చెప్పిందా, గట్టిగా చెప్పిందా?" అంది.

టీచరమ్మ నోటి దాకా ఎత్తిన చెయ్యి దించేసింది. అన్నం ముద్ద చేతిలోనే ఉంది.

ఆ మధ్యాహ్నం క్లాసులో ఎవరేం చెప్పారో ఆమెకి తెలియదు. ఏమీ అయి ఉండదులే అనుకుంది. ఆయన నవ్వాడు కదా. కోపం వచ్చినవాడు తగ్గిస్తాడా? లెక్కలు చెప్పే మనిషికి ఆ లెక్క తేలడం ఎంతసేపు. తగ్గించింది తన మాటకి కాదు. ఎవరన్నారో చెప్పినందుకు.

ఇంకో గౌను కావాలన్న నెపంతో సాయంత్రం అత్తగారిని బయల్దేరదీసింది. ఒక్కతే వెళ్ళడానికి ధైర్యం చాలలేదు. అత్తగారికి ఇదంతా తెలియదు. "ఈసారి ఎలా బేరం చేస్తావో పక్కనే నిలబడి చూస్తాను," అని హుషారుగా వచ్చింది.

కొట్టు లోపలికి అడుగు పెట్టగానే టీచరమ్మకి మొదట కనిపించింది ముక్కాలిపీట. నిన్న లేదు. ఒక పొట్టి అమ్మాయి దానిమీద ఎక్కి, మునివేళ్ళ మీద సాగి పై అర అందుకోవడానికి నానా తంటాలు పడుతోంది.

"నిన్న ఇక్కడ పొడుగ్గా ఉన్నావిడ..."

పీట మీది అమ్మాయి మాట్లాడకుండా గడ్డంతో వీధి వైపు చూపించింది.

లోపలికి వస్తూ ఆమెని దాటే వచ్చారు. కొట్టుకి ఎడమ పక్క, పడమటి ఎండ సూటిగా కొట్టే చోట, ఇనుప స్టాండుకి చవక గౌన్లు, వాటితో పాటు ఆ నీలంవీ వేలాడదీసి ఉన్నాయి. ఆ గౌన్ల వెనక నిచ్చెనక్క నిలబడి ఉంది. ఎర్ర కోటు మెడ దాకా బొత్తాలు పెట్టుకునే ఉంది. మొహం కమిలిపోయింది. "రండమ్మా రండి, చల్లటి గౌన్లు, గాలి గౌన్లు" అని దారినపోయేవాళ్ళని పిలుస్తోంది. అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది. స్టాండు ఆమె రొమ్ము దాకా కూడా రాదు. ఆ పొడుగుకి అక్కడ పనే లేదు.

టీచరమ్మని చూసి నిచ్చెనక్క పిలవడం ఆపింది. తిట్టలేదు. మొహం తిప్పుకోనూ లేదు. "పెద్దమ్మగారికి ఎలా ఉంది?" అంది.

టీచరమ్మకి తల కొట్టేసినట్టయింది. "మిమ్మల్ని ఇక్కడ... నా వల్లేనా?"

"వెళ్ళండమ్మా. ఆయన చూస్తున్నాడు."

వెళ్ళి ఉంటే బాగుండేది. కాని టీచరమ్మ తప్పుని వెంటనే దిద్దాలనుకునే మనిషి. తప్పు లెక్క మీద ఎర్ర సిరా పెట్టకుండా పేజీ తిప్పడం చేతకాదు. గబగబా కౌంటరు దగ్గరికి వెళ్ళింది. అత్తగారు వెనకే వచ్చింది.

"నిన్న నేను అన్నది నిజం కాదండీ," అంది టీచరమ్మ. "బేరం కోసం నేనే కల్పించాను. ఆవిడ నాతో ఏమీ చెప్పలేదు. పాపం ఆవిడని ఎండలో నిలబెట్టారు."

యజమాని రసీదు పుస్తకం మూశాడు. నిన్నటి నవ్వే నవ్వాడు. తర్వాత వీధి వైపు పిలిచాడు. "ఏయ్ నిచ్చెనా, ఇలా రా."

ఆమె వచ్చి ఫ్యాను గాలి తగలని చోట నిలబడింది.

"ఈవిడ నువ్వేమీ చెప్పలేదంటోంది."

నిచ్చెనక్క టీచరమ్మ వైపు చూసింది. చూపులో కోపం లేదు, భయం ఉంది.

"నిన్న నేనడిగితే, చెప్పానండీ, తప్పయిందండీ అన్నావు. నిజం ఒప్పుకున్నావని, ఇంటికి పంపకుండా బయట నిలబెట్టి ఊరుకున్నాను. ఇవాళ ఈ టీచరుగారు వచ్చి చెప్పలేదంటోంది. ఏమిటి సంగతి? నిన్న పని దిగాక వీళ్ళ గదికి వెళ్ళి బతిమాలుకున్నావా? నా కొట్టు సంగతులు ఇంకేమేం చెప్పావు?"

"లేదండీ. వాళ్ళు ఎక్కడుంటారో కూడా నాకు తెలియదు."

"మరి ఈవిడకేం పని, నీ కోసం అబద్ధం ఆడడానికి?"

టీచరమ్మ ఆడిన అబద్ధం నిచ్చెనక్క చెప్పిన నిజం మీదే వచ్చి పడింది. ఇప్పుడు ఊరుకుంటే ఆ మనిషికి ఎండలో నిలబడే చోటు కూడా పోతుంది.

"నాకు నేనే వచ్చానండీ," అంది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు మడతలు ఆపి చూస్తున్నారు. "ఆవిడ చెప్పింది. మా అత్తగారి ఒంటి సంగతి చూసి, మా మంచి కోసం నా ఒక్కదాని చెవిలో చెప్పింది. మీ చేత రేటు తగ్గించుకోవడానికి ఆ మాట నేను వాడుకున్నాను. నిన్న చెప్పింది నిజం. ఇప్పుడు చెప్పింది అబద్ధం. ఆవిడ నన్నేమీ అడగలేదు."

యజమాని ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "ఆ నీలం గౌన్ల సరుకంతా నా నెత్తిన పడింది. నేనెవరికి చెప్పుకోను?" అన్నాడు. ఆ మాట మాత్రం నవ్వకుండా అన్నాడు. తర్వాత చెయ్యి వీధి వైపు ఊపాడు. "వెళ్ళు. స్టాండు దగ్గరే ఉండు. లోపలికి ఎప్పుడు పిలవాలో నేను చూస్తాను."

అంటే పని ఉంది. ఎండా ఉంది.

టీచరమ్మ అత్తగారి వైపు తిరగలేకపోయింది. ఇద్దరూ మెట్లు దిగారు. అత్తగారు కేకలు వేస్తుందనుకుంది. ఆమె నెమ్మదిగానే అంది.

"నేను జన్మంతా బేరాలు చేశానమ్మాయ్. పుచ్చు వంకాయంటాను, ముతక గుడ్డంటాను, నువ్వు దొంగవంటాను. అన్నీ నా నోటితో నేను అన్నవే. ఇంకొకరు నమ్మి చెప్పిన మాటని తూకంలో వేయలేదు." మెడ తుడుచుకుని, "ఫోనుల్లో వాళ్ళందరికీ చెప్పాను కూడా," అంది.

టీచరమ్మ స్టాండు దగ్గరికి వెళ్ళింది. క్షమించమని అడుగుదామనుకుంది. నిచ్చెనక్క చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇంక నా గురించి ఎక్కడా ఏమీ మాట్లాడకండమ్మా. మంచి కూడా. మీకు దణ్ణం పెడతాను."

అంతలో ఒకామె చంకలో పసిబిడ్డతో స్టాండు ముందు ఆగింది. బిడ్డ మెడ నిండా చెమటకాయలు. ఆ తల్లి చెయ్యి నేరుగా నీలం గౌను మీదికే వెళ్ళింది. వేళ్ళ మధ్య నలిపి చూసింది.

"చల్లగా ఉంది. రంగు పోదు కదక్కా?"

నిచ్చెనక్క ఆ బిడ్డ మెడ చూసింది. చూడడం టీచరమ్మ చూసింది. గౌనుని తిరగేయడానికి చెయ్యి సగం దాకా వెళ్ళి ఆగింది. తర్వాత ఆమె తల ఎత్తి టీచరమ్మ వైపు చూసింది. కౌంటరు వైపు కాదు, టీచరమ్మ వైపే. చూపు అక్కడే ఉంచి జవాబు చెప్పింది.

"పోదమ్మా. అన్నీ మంచివే. ఏది తీసుకున్నా బాగుంటుంది."

తల్లి నీలం గౌను తీసుకుంది. నిచ్చెనక్క దాన్ని గడ్డం కింద నొక్కిపట్టి, మడిచి, అరచేత్తో గాలి తీసి ఇచ్చింది. టీచరమ్మ నోరు తెరిచింది. ఇంక ఏమీ మాట్లాడకండి అన్న మాట ఇంకా చెవిలోనే ఉంది. తెరిచిన నోరు మూసుకుంది. తల్లి బిడ్డని భుజం మీదికి మార్చుకుని జనంలో కలిసిపోయింది.

ఎండ ఊళ్ళకి మీరూ వెళ్తూనే ఉంటారు. పల్చటి బట్టలు కావలసి ఏదో ఒక కొట్టు ముందు ఆగుతారు. అక్కడ ఎవరైనా ఒకామె మందపాటి కోటులో చెమటలు కక్కుతూ, అన్నీ మంచివేనమ్మా అని చెబితే, ఈమె అబద్ధాలకోరు అని విసుక్కోకండి. గొంతు తగ్గించి నిజం చెప్పిన నిచ్చెనక్క ఒకామె ఉండేదని ఒక్కసారి గుర్తు చేసుకోండి. మిమ్మల్ని ఇంకేమీ అడగను.